మగ్గానికి ఒక్క మనిషి

“తిననని చెప్పిన గద. ఎన్నిమాట్ల పిలుస్తవే?”

మగ్గం గదిలోంచి భూమన్న గొంతు వినబడగానే ఐలవ్వ గిన్నె పట్టుకొని గడప దగ్గరే ఆగిపోయింది. గిన్నెలో జొన్న గటక చల్లారి పొర కట్టింది. నిన్న సాయంత్రం తండ్రీ కొడుకుల మధ్య మాట తెగింది మొదలు ముసలాయన మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

కొడుకు పర్శరాములు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. చొక్కా జేబుకు ప్రదర్శన వాళ్ళిచ్చిన ఎర్ర రిబ్బను బిళ్ళ గుచ్చుకున్నాడు. ఆ బిళ్ళ పెట్టుకున్నప్పటి నుంచి వాడకట్టులో అందరూ అతణ్ణి ‘సారు’ అంటున్నారు. ఇంట్లో మాత్రం ఎవరూ అనడం లేదు.

“గాయన తినకుంటె నువ్వన్న తినవే అవ్వా. మొండితనానికి మందు లేదు,” అన్నాడు.

“మొండి ఎవ్వలు బిడ్డా? అడగకుండ పేరు రాసిచ్చినోడా, రాసిచ్చినంక అలిగినోడా?”

ఐలవ్వ కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

కరీంనగరంలో అఖిల భారత చేనేత, పరిశ్రమల ప్రదర్శన తెల్లవారితే మొదలవుతుంది. దేశం నలుమూలల నుంచి సరుకు దిగింది. ఊరి బయటి మైదానమంతా రేకుల షెడ్లు, గుడారాలు లేచాయి. ఏ గేటు దగ్గర ఎందరు కావలి ఉండాలి, టికెట్టు కిటికీలు ఎక్కడెక్కడ పెట్టాలి, ఆడవాళ్ళ వరస ఎటు తిరగాలి, ఏ శాలలో ఎంతమంది పని చేయాలి అన్న ఏర్పాటంతా రాసింది పర్శరాములే. పద్మశాలి వాడలో పుట్టి, లాంతరు కింద చదువుకొని, టెంపరరీ గుమాస్తాగా చేరినవాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు ఆ ఏర్పాటు మీద ఒక్క అక్షరం కొట్టివేయకుండా సంతకం పెట్టాడు. ఇది సాఫీగా జరిగితే ఉద్యోగం ఖాయం చేయిస్తానన్నాడు.

అంతా సాఫీగానే ఉండేది, చేనేత శాలలో నేసి చూపిస్తానని ఒప్పుకున్న రాయమల్లు కూలి గిట్టదని నిన్న తప్పుకోకపోతే. ఆఫీసరు గుడారం ఎగిరిపోయేలా అరుస్తుంటే పర్శరాములు నోట్లోంచి ఒక మాట జారింది. “మా నాయన ఉన్నడు సార్. మంచి పనోడు.”

జారిన మాట ఆఫీసరు పట్టుకున్నాడు. నిన్న సాయంత్రానికే చేనేత శాల నేలలో మగ్గానికి గుంట తవ్వించేశారు.

“బాపూ,” పర్శరాములు మగ్గం గది గుమ్మం దాకా వెళ్ళాడు. “గిది మన వాడకే ఇజ్జత్. ఢిల్లీ నుంచి వచ్చి సూస్తరు.”

భూమన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు కాని నేయడం లేదు. తెగిన పోగు ఒకటి చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

“నేను నేసిన బట్ట సూడుమను. నచ్చితె కొనుమను. నన్నేంది సూసుడు? నేనేమన్న సర్కసుల పులినా?”

“పులి అని ఎవ్వలన్నరే? కళాకారుడని బోర్డు రాయించిన.”

“గా బోర్డు నా మెడకు కడ్తవా, మగ్గానికి కడ్తవా?”

వంటింట్లోంచి శంకరవ్వ ఇవతలికి వచ్చింది. పర్శరాములు భార్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మామకూ మొగుడికీ మాట పెరిగినప్పుడల్లా మధ్యలో చీపురో చెంబో పట్టుకొని నిలబడుతుంది. ఇప్పుడు చెంబు పట్టుకొని నిలబడింది.

“మామా, జర ముఖం కడుక్కో.”

“నువ్వుండు బిడ్డా. వీణ్ణి చెప్పనియ్యి. టికెట్ గొని మంది వస్తరట. తాడు అవుతల నిలవడి చూస్తరట. నేను ఇవుతల కూసోని నేస్తనట. నా తండ్రి నేసిండు, నా తాత నేసిండు. ఒక్కడన్న గిట్ల టికెట్ వెట్టి నేసిండా?”

“నేసి ఏం సంపాయించిండ్రు?” పర్శరాములు గొంతు హఠాత్తుగా లేచింది. “చెప్పు బాపూ. ఏం సంపాయించిండ్రు? ఇయ్యాల గీ ఇంట్ల పొయ్యి మండుతున్నదంటె నా నౌకరి తోటి. నీ మగ్గం తోటి గాదు.”



శంకరవ్వ చెంబు కింద పెట్టింది. ఐలవ్వ తలుపు చెక్కకు చెయ్యి ఆనించి, కొడుకు ముఖంలోకి కాక అతని జేబు మీది రిబ్బను వైపు చూసింది. వీధిలో ఎవరో పడుగు దారాలు చాపుతూ ఒకరినొకరు కేకేసుకుంటున్నారు. ఆ కేకలు ఇంట్లోకి స్పష్టంగా వినబడ్డాయి.

భూమన్న వేలికి ఉన్న పోగు విప్పి పక్కన పెట్టాడు.

“వస్త,” అన్నాడు.

పర్శరాములు నమ్మలేకపోయాడు.

“వస్త గని, మీ అవ్వ గూడ రావాలె. కండెలు సుట్టెటోళ్ళు లేకుంటె నాడెల ఏం వెట్టి నేస్త? ఆమె సుట్టి అందియ్యాలె, నేను నెయ్యాలె. గదే మగ్గం. నీకు తెల్వనిదా?”

“గట్లనే బాపూ. గదెంత పని,” అన్నాడు పర్శరాములు. ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది.

తొందర శంకరవ్వ కనిపెట్టింది. అతడు సైకిలు తీసుకొని వాకిట్లోకి రాగానే వెనకాలే వచ్చింది.

“అత్త పేరు రాసినవా?”

“రాయిస్త.”

“రాయిస్తవా అని అడగలే. రాసినవా అని అడిగిన.”

అతడు చైను సరి చేస్తున్నట్టు వంగాడు. చైను బాగానే ఉంది. లేచి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

*

దారి పొడుగునా అతనికి తన రాత తనకే కళ్ళ ముందు ఆడింది. ‘మగ్గం ఒకటి. నేతగాడు ఒకడు.’ అది రాసేటప్పుడు కలం ఒక్క క్షణం కూడా తడబడలేదు. తల్లి వొడి పక్కన రాట్నం తిరుగుతుంటే ఆ చప్పుడుకే నిద్రపోయి పెరిగినవాడు. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలు ఒక పక్కకు ఎలా వంగిపోయిందో తెలిసినవాడు. అయినా రాయాల్సి వచ్చేసరికి మగ్గం ముందు ఒక్క మనిషే కనబడ్డాడు. ఎందుకు అలా అయిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఆఫీసరు గుడారంలో కుర్చీ వెనక్కి వాల్చి టీ తాగుతున్నాడు.

“మీ నాన్న ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకున్నడు సార్. కాని... చేనేత శాలకు ఇంకొక మనిషి కావాలె సార్. కండెలు సుట్టెతందుకు.”

“మగ్గానికి ఒక్క మనిషి అని నువ్వే కదయ్యా రాశావు?”

“నేనే సార్.”

“రాసేటప్పుడు తెలియదా? నేతగాడి కొడుకువేగా?”

పర్శరాములు తల వంచుకున్నాడు.

“హైదరాబాదులో మంజూరైన సంఖ్య ఇది. ఇవాళ ఇంకో మనిషి కావాలంటే ఎలా?”

“పోనీ, పాసన్న ఒకటి...”

“పాసులా?” ఆఫీసరు నవ్వాడు. “సిబ్బంది చుట్టాలకు కూడా టికెట్టే అని రూలు పెట్టింది ఎవరు? బ్రహ్మాండమైన రూలు. దానివల్లే పెద్ద పెద్దవాళ్ళ సిఫారసులు తప్పించుకున్నాను. ఇప్పుడు నువ్వే తూట్లు పొడుస్తావా? రావాలనుకునే మనిషి ఎవరో, టికెట్టు కొనుక్కొని అందరిలాగే తాడు అవతల నిలబడమను.”

ఆ మనిషి మా అవ్వ అని చెప్పడానికి అదే సమయం. పర్శరాములు నోరు తెరిచాడు. “సరే సార్,” అన్నాడు.

ఇంటికి వచ్చి తల్లితో ఇంకో విధంగా చెప్పాడు. “పాసు గేటు కాడ వెడ్త అవ్వా. నీ పేరు చెప్పి లోపటికి రా. ఫికర్ చెయ్యకు.”

ఐలవ్వ తల ఊపింది. రాట్నం చక్రానికి కొత్త దారం బిగించుకుంటూ, “బోర్డు మీద మీ బాపు పేరు పెద్దగ రాసిండ్రా?” అని అడిగింది. ఆ గొంతులో చాలాకాలానికి ఒక చిన్న ముచ్చట తొంగిచూసింది. పర్శరాములు కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళాడు.

*

మర్నాడు పొద్దెక్కకముందే మైదానం నిండిపోయింది. మంథని బస్సులు, పెద్దపల్లి బస్సులు మనుషుల్ని దింపి మళ్ళీ పోతున్నాయి. బెల్లంపల్లి బొగ్గుబావుల నుంచి వచ్చిన కార్మికులు పెళ్ళాం పిల్లలతో వరసల్లో నిలబడ్డారు. పర్శరాములు వేసిన ఏర్పాటు అద్దంలా నడుస్తోంది. ఎక్కడా తొక్కిసలాట లేదు. భూమన్న ముందే వచ్చి, ఇంట్లో చుట్టిన కండెలతో నేత మొదలుపెట్టాడు. ఆఫీసరు అతని భుజం తట్టి, “శభాష్,” అన్నాడు.

సరిగ్గా అప్పుడే పెద్దగేటు కావలి అహరోను గుడారంలోకి వచ్చాడు. మెథడిస్టు మిషను కాంపౌండు మనిషి, పొడుగాటివాడు. అతణ్ణి ఆ పనికి తీసుకున్నది పర్శరాములే. ‘టికెట్ లేకుండ ఒక్కణ్ణి ఇడిసినా నౌకరి ఉండది’ అని హెచ్చరించిందీ పర్శరాములే.

అహరోను ఆఫీసరును చూసి, పర్శరాములును చూసి, నెమ్మదిగా అన్నాడు. “గేటు కాడ ఒక పెద్దమనిషి వచ్చింది అన్నా. నెత్తిన రాట్నం, చేతుల సద్ది గిన్నె. పాసున్నదని చెప్తున్నది. నా తాన ఏ పాసూ లేదు. ఏం జెయ్యమంటరు?”

అతనికి ఐలవ్వ తెలుసు. ఆమె చేతి అంబలి తాగినవాడు. ‘మీ అవ్వ’ అనకుండా ‘పెద్దమనిషి’ అన్నాడంటే, చెప్పాలో వద్దో పర్శరాములుకే వదిలిపెట్టాడన్నమాట.

ఆఫీసరు ఏవో సంతకాలు పెడుతూనే చెవి ఇటు పెట్టాడు.

“ఎవ్వలకైనా టికెటే,” అన్నాడు పర్శరాములు.

అహరోను కదలలేదు.

“ఆడోళ్ళ కిటికీ కాడ వరుస బాగ పొడుగున్నది అన్నా. ఎండ గూడ...”

“చెప్పిన గద అహరోనూ!”

“మంచిది సారు.”

అప్పటిదాకా అహరోను ‘అన్నా’ అని పిలిచేవాడు. ఆ రోజు అతని నోట ఆ పిలుపు మళ్ళీ రాలేదు.

పర్శరాములు గుడారం అంచు పక్కకు జరిపి చూశాడు. ఆడవాళ్ళ వరసలో, పసిపిల్లల తల్లుల మధ్య, ఐలవ్వ నెత్తి మీద రాట్నంతో నిలబడి ఉంది. ముందున్నామె దాన్ని దించుకోమని చెప్పినట్టుంది, ఐలవ్వ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. కొంగుముడి విప్పి చిల్లర అరచేతిలో పట్టుకుంది. కొడుకు ఎక్కడైనా కనబడతాడేమోనని వెతకడం లేదు. ఎదుటి వీపు వైపే చూస్తూ, వరస కదిలితే కదులుతోంది.

అతడు గుడారం అంచు వదిలేశాడు.

చాలాసేపటికి ఆఫీసరు అతిథుల్ని వెంటబెట్టుకొని శాలలు చూపించడానికి బయలుదేరాడు. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారులు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు. వెనక పర్శరాములు. చేనేత శాలలో జనం తాడు చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. లోపల భూమన్న నేస్తున్నాడు. ఇంటి నుంచి తెచ్చిన కండెలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు తాడుకు లోపల, గుంట పక్కన ఐలవ్వ కూర్చొని రాట్నం తిప్పుతోంది. ఒక కండె చుట్టడం, చెయ్యి చాపడం. భూమన్న చూడకుండానే అందుకోవడం. ఏళ్ళ తరబడి అలవాటైన రెండు చేతులు గాలిలో కలుసుకొని విడిపోతున్నాయి. జనం బట్టను చూడడం మానేసి ఆ చేతులనే చూస్తున్నారు.

“ఎంత బాగుందండీ!” అంది అతిథుల్లో ఒకావిడ.

ఆఫీసరు మాత్రం చటుక్కున ఆగాడు. అతని చూపు లోపలి రెండో మనిషి మీద పడింది.

“ఎవరయ్యా ఈమె? తాడు లోపలికి ఎవరు రానిచ్చారు? మంజూరైంది ఒక్కరికే కదా?”

అతిథులంతా పర్శరాములు వైపు తిరిగారు. రాట్నం చప్పుడు తగ్గింది. ఐలవ్వ తల ఎత్తి కొడుకును చూసింది. అతడు చెప్పబోయే మాట కోసం ఆ ముఖం తెరుచుకొని ఉంది.

పర్శరాములుకు తన రూలు గుర్తొచ్చింది. ఖాయం కావలసిన ఉద్యోగం గుర్తొచ్చింది. సొంతవాళ్ళను దొడ్డిదారిన తెచ్చాడంటారేమోనన్న భయం పట్టుకుంది.

“ఎవ్వలో... సూడ వచ్చిన మనిషి సార్. టికెట్ గొన్నది. పొరపాటున లోపటికొచ్చింది.”

పడుగు మధ్య నాడె సగం దారిలో ఆగింది.

భూమన్న గుంటలోంచి లేచాడు. లేవడానికి మోకాలి మీద చెయ్యి ఊనవలసి వచ్చింది.  వంగి రాట్నం తీసుకొని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఎన్నడూ మగవాడు మోయని బరువు అది. ఐలవ్వ గిన్నె తీసుకొని లేచింది. జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు.

పర్శరాములు పక్కనుంచి పోయేటప్పుడు ఐలవ్వ కొంగు అతనికి తగలకుండా దగ్గరికి లాక్కుంది, పరాయి మగవాడి ముందు నుంచి పోయేటప్పుడు లాక్కున్నట్టు.

“ఏమిటయ్యా ఇది? ఎక్కడికి పోతున్నాడు?” ఆఫీసరు గుసగుసగా కసిరాడు. ఎదుటి శాలలో కరెంటు మగ్గం దడదడలాడుతోంది. నిమిషంలో జనమంతా అటు తిరిగారు.

*

సాయంత్రం పర్శరాములు ఇంటికి భయపడుతూ రాలేదు. సంబరంగానే వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం కూడా ఉంది. ఆఫీసరు అతణ్ణి తిట్టి పంపుతాడనుకుంటే, పిలిచి కూర్చోబెట్టాడు. ఆ అతిథి ఆవిడకు ముసలి జంట తెగ నచ్చిందట. రేపు ఢిల్లీ పెద్దలు వస్తారు, వాళ్ళకూ అదే చూపించాలట. రెండో మనిషికి అక్కడికక్కడే మంజూరు ఇచ్చేశాడు.

వాకిట్లోకి వచ్చేసరికి మగ్గం గది ముందు మూడు రాళ్ళు పెట్టి కొత్త పొయ్యి కనబడింది. దాని మీద కుండ ఉడుకుతోంది. ఐలవ్వ పుల్లలు ఎగదోస్తోంది. భూమన్న గదిలో చీకట్లో ఉన్నాడు.

శంకరవ్వ వంటింటి గుమ్మంలో కూర్చొని ఉంది.

“గిదేంది?” అన్నాడు పర్శరాములు.

“అత్త పొయ్యి వేరు వెట్టుకున్నది. ఆమె మొగని కష్టం ఆమె వండుతదట.”

“నువ్వు వద్దనలేదా?”

“ఏమని అనాలె? ఎవ్వలో సూడ వచ్చిన మనిషి, ఎక్కడ వండుకుంటె నాకేంది?”

ఆ మాట అప్పటికే ఊరు చుట్టివచ్చి ఇల్లు చేరిందని అతనికి అర్థమైంది.

“నీకు లోపల వండి వెట్టిన,” అంది శంకరవ్వ. “నేను మాత్రం గక్కడ తింట.”

అతడు మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకొని తల్లి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

“అవ్వా.”

ఐలవ్వ కుండ మీది మూత సరిచేసింది.

“అవ్వా, నీకు గూడ మంజూరైంది. పాసు లేదు, టికెట్ లేదు, కూలి గూడ ఇస్తరు. రేపు ఢిల్లీ పెద్దమనుషులొస్తున్నరు. అక్కడ నలుగుర్ల నోరు జారింది. పరేషాన్‌ల ఉంటి. నీ కొడుకునే గద, మన్నించరాదూ?”

“నా పేరు రాసిండ్రా?”

అతడు తడబడ్డాడు. “పేరంటే... సహాయానికి ఒక ఆడమనిషి అని రాసిండ్రు.”

ఐలవ్వ పుల్ల ఒకటి విరిచి పొయ్యిలో పెట్టింది. మంట వెలుగులో ఆమె ముఖం మీద కోపం కనబడలేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది అతనికి.

“మంచిగనే రాసిండ్రు,” అంది. “రేపు వస్త బిడ్డా.”

“వస్తవా?”

“వస్త. కూలికి వస్త. కూలి మనిషికి అలుకేంది? మీ సారు అడిగితె, గామె ఎవ్వలో నాకెరుక లేదని ఇయ్యాల చెప్పినట్టే చెప్పు. నేను గూడ నిన్ను సారూ అనే పిలుస్త.”

“అవ్వా, గట్లనకు...”

“మీ బాపు మాత్రం రాడు.”

 “ఆయన రాకుంటె మగ్గమెట్ల నడుస్తది? పొద్దుగాల్నే వస్తరు వాళ్ళు. వాడల ఇంకెవ్వలూ వచ్చేటట్టు లేరు. ఎవ్వలు నేస్తరు?”

“నువ్వు లేవా?” అంది ఐలవ్వ. “మీ బాపు నేర్పిన పనే గద. నువ్వు నెయ్యి, నేను కండెలు సుడ్త. తాడు అవుతల నిలవడి మంది సూస్తరు.”

 తాను కొలువులో పెట్టిన కావలివాళ్ళు, తనకు సలాము కొట్టే టికెట్టు గుమాస్తాలు, ‘శభాష్’ అన్న ఆఫీసరు. అందరి ముందూ గుంటలో కూర్చోవాలి. లేదా పొద్దున ఆ మగ్గం ఖాళీగా ఉండాలి. సాయం కోసం శంకరవ్వ వైపు తిరిగాడు. ఆమె తన కంచం తీసుకొని కొత్త పొయ్యి పక్కకు వచ్చి కూర్చుంది.

చీకటి గదిలోంచి భూమన్న పొడి దగ్గు వినిపించింది. ఆ తర్వాత మాట. శాలలోంచి లేచి వచ్చినప్పటి నుంచి అదే మొదటి మాట. అది కొడుకుతో కాదు, భార్యతో.

“గుంటల దిగేటప్పుడు చెప్పులిడిసి దిగుమను.”